రెండో మునక

ఫిబ్రవరి 9, సోమవారం

ఆసుపత్రి వాళ్ళ పెట్టె వచ్చింది. లోపల అరచేతిలో ఇమిడే యంత్రం, దానికో తెల్లటి గొట్టం. ఆదివారం ఆదివారం అందులో ఊదాలట. అంకె ఫోనులోకి, ఫోనులోంచి ఆసుపత్రికి దానంతటదే పోతుందట. బస్సెక్కి, నలుగురి దగ్గులూ తుమ్ములూ మీద వేసుకుని నేను వెళ్ళనక్కర్లేదట.

నా ఊపిరి కొలవడానికి గొట్టమా! మైకు చెడిపోయిన రోజున కూడికలో హాలు చివరి వరసలో కునికేవాణ్ణి ఉలిక్కిపడేలా చేసిన గొంతు ఇది. తాళాల కొట్టులో ఆకురాయి పడుతూనే పరిశుద్ధ గ్రంథం మొత్తం బిగ్గరగా చదివి కంఠస్థం చేసినవాణ్ణి. ఏ పాఠశాలా నేర్పలేదు, ఏ గురువూ దిద్దలేదు.

ఊదాను. అంకె పక్కన పసుపు చుక్క వెలిగింది. ఆకుపచ్చది వెలగాలట.

కొత్త యంత్రం. ఇంకా నాకు అలవాటు పడలేదు.

ఫిబ్రవరి 12, గురువారం

తెర మీద నర్సు వచ్చే రోజు. చెవులకు పెద్ద పెద్ద రింగులు పెట్టుకుంటుంది. తల ఊపినప్పుడల్లా అవి ఆమెకంటే ముందు జవాబు చెబుతాయి.

నేను వచ్చి కూర్చునేసరికి మా ఆవిడ ఫోనుని గ్రంథానికి ఆనించి నిలబెట్టింది.

"లేఖనాన్ని ఫోనుకి స్టాండు చేశావా?"

"మరి దేనికి ఆనించనండీ? ఉప్పు డబ్బాకి ఆనిస్తే జారిపోతోంది. ఇదైతే బరువు."

బరువన్నమాట! నోరు విప్పబోయాను. అప్పటికే నర్సు వచ్చేసింది.

"నోరు తెరవండి సార్."

మా ఆవిడ టార్చి పట్టుకుంది. లోపల పుళ్ళు ఎన్ని ఉన్నాయో, ఎడమ బుగ్గ ఎలా ఉందో, నాలుక కింద ఎలా ఉందో. "కొంచెం పైకెత్తమ్మా టార్చి... ఆ... ఇంకా తెరవండి సార్." నోరు తెరిచి మాట లేకుండా కూర్చోవడం నా జన్మలో ఇదే మొదలు. మా ఆవిడ పెదవి బిగబట్టి నవ్వాపుకుంటోంది, టార్చి ఊగిపోతోంది.

కళ్ళు ఎండిపోతున్నాయి, చుక్కలు వేసుకుంటున్నాను. ముంజేతుల చర్మం బిగిసింది. నర్సు అన్నీ అడిగింది, అన్నీ రాసుకుంది. చెల్లెలి మూలకణాలు నాలోకి ఎక్కించాక నా రక్తం జబ్బు పోయింది. కానీ ఆ కొత్త రక్తం నా పాత ఒంటిని పరాయిదనుకుని కొడుతోంది. చర్మాన్ని, నోటిని, కళ్ళని. ఇంతవరకూ నేనూ ఒప్పుకుంటాను.

"మెట్లెక్కితే ఆయాసం వస్తోందా సార్?"

"లేదు."

మా ఆవిడ టార్చి ఆర్పేసింది.

ఫిబ్రవరి 13, శుక్రవారం

మా చర్చి సంఘ పెద్ద ఫోను. మార్చి 22 కూడికకి పెద్ద హాలు దొరికిందట. పోస్టర్లు అచ్చుకిచ్చారట: 'స్వస్థత పొందిన సేవకుని సాక్ష్యం'. ఏం చెబుతానో అడిగితే సేనాని కథ అన్నాను. చర్మరోగంతో ప్రవక్త వాకిట్లోకి రథమేసుకుని వచ్చి నిలబడ్డ సేనాని. నా ప్రసంగాలన్నిట్లోకీ గట్టిది అదే.

ఫిబ్రవరి 15, ఆదివారం

ఊదాను. పసుపు. పోయినసారి కంటే దిగింది. కిటికీ తెరిచి ఉంది, దుమ్ము.

ఫిబ్రవరి 19, గురువారం

నర్సు ఈ రోజు రింగులు కదలకుండా మాట్లాడింది.

"మార్పిడికి ముందు ఆసుపత్రిలో తీసిన అంకె కంటే ఇది బాగా తక్కువ సార్. ఊపిరితిత్తులకి కూడా పాకుతోందేమో అని డాక్టరుగారి అనుమానం. ముందే పట్టుకుంటే ఆపగలం. పోయింది మాత్రం తిరిగి రాదు. ఇంకో రెండు వారాలు చూస్తారు. ఇలాగే ఉంటే మందు పెంచుతారు, స్కాను తీస్తారు. జనంలోకి అస్సలు వెళ్ళకూడదు."

"మార్చి ఇరవై రెండున నాకు కూడిక ఉందమ్మా."

"ఎంతమంది వస్తారు?"

చెప్పాను. నెట్టు ఆగిపోయిందనుకున్నాను. ఆగలేదు.

డాక్టరు మొహం నేను చూసి నెలలైంది. మనిషి రాడు. మాట పంపిస్తాడు, ఆ మాటైనా ఇంకొకరి నోట. అందులో ఊదు, ఇది మింగు, అది పుక్కిలించు. చావు నోట్లోంచి వచ్చినవాడితో మాట్లాడే తీరు ఇదేనా?

నేను ఆ వేదిక ఎక్కుతాను. మోకాళ్ళ మీద పాకైనా ఎక్కుతాను.

ఫిబ్రవరి 22, ఆదివారం

చెల్లెలు వచ్చింది. కండక్టరు డ్యూటీ దిగి సరాసరి, యూనిఫాంలోనే, భుజాన టిక్కెట్ల సంచీతో. కూడికకి ఒక్కనాడూ రాలేదు గానీ నా ఇంటికి ఆదివారం తప్పదు.

"ఏం అన్నయ్యా, నా రక్తం ఎలా ఉంది? కులాసానా?"

"నీ రక్తం కదే, పొగరుగా ఉంది."

"మరి! చిన్నప్పుడు బయట నుంచి కొట్టుకున్నాం. ఇప్పుడు లోపలికొచ్చి కొడుతున్నాను." నవ్వింది. నవ్వు ముగిసేలోపే, "ఊపిరి బానే ఉందిగా? ఊపిరితిత్తుల జోలికి పోలేదుగా?" అంది.

"లేదు, బానే ఉంది."

చిన్నప్పుడు మాకొక పందెం ఉండేది. బల్ల మీద కాగితం ముక్క పెట్టి ఎవరు ఎక్కువ దూరం ఊదితే వాళ్ళు గెలిచినట్టు. అది ఎప్పుడూ ఒప్పుకోదు గానీ నేనే గెలిచేవాణ్ణి. యంత్రం చూపించి, "ఇందులో ఊదు చూద్దాం, నన్ను గెలుస్తావేమో" అన్నాను.

"ఇదేంటి, బుడగలొస్తాయా?"

ఊదింది. బస్సంతా వినిపించేలా ముందుకి జరగండి, ముందుకి జరగండి అని అరిచే ఊపిరి అది. పచ్చ చుక్క. ఫోను నేను తీసుకున్నాను.

"ఎవరు గెలిచారు?"

"నువ్వే."

ఎగిరి గంతేసినంత పని చేసింది.

ఫిబ్రవరి 23, సోమవారం

యంత్రం పనిచేస్తోందో లేదో చూడాలిగా. చూశాను. పనిచేస్తోంది.

ఆమె రక్తమే నాలో తిరుగుతోంది. ప్రాణం రక్తంలోనే ఉందని నేను చెప్పడం లేదు, లేఖనం చెబుతోంది. రక్తం ఒక్కటే అయితే ఊపిరి రెండు ఎలా అవుతుంది? ఈ వాదన ఎటు నుంచి తట్టి చూసినా గట్టిగానే ఉంది.

ఎటు నుంచి చూసినా గట్టిగానే ఉంది.

ఫిబ్రవరి 26, గురువారం

రింగులు నాట్యమాడాయి. "సార్! ఎంత బాగా ఎక్కిందో! ఏం చేశారు?"

"ప్రార్థన," అన్నాను. అబద్ధం కాదు. ప్రార్థన చేస్తూనే ఉన్నాను.

మార్చి 1, ఆదివారం

పందెం. పచ్చ. "నీకు ఈ మధ్య ఓడిపోవడం అలవాటైంది అన్నయ్యా," అంది చెల్లెలు. మా ఆవిడ వంటింటి గుమ్మంలో చేతులు తుడుచుకుంటూ నిలబడి ఉంది. చేతులు పొడిగానే ఉన్నాయి. ఇంకా తుడుచుకుంటూనే ఉంది.

మార్చి 5, గురువారం

ఘనమైన వార్త. డాక్టరుగారే ఒక్క నిమిషం తెర మీద కనిపించారు. ఊపిరి బాగుంది కాబట్టి మాత్ర తగ్గిద్దామన్నారు. మాస్కు పెట్టుకుని, జనానికి దూరంగా కూర్చుని కూడికకి వెళ్ళవచ్చన్నారు. హల్లెలూయ!

మార్చి 7, శనివారం

మెట్ల మధ్యలో ఆగాను. చొక్కా కాలరు బిగుతు.

మార్చి 8, ఆదివారం

చెల్లెలికి డబుల్ డ్యూటీ, రాలేదు. యంత్రం చార్జింగు పెట్టలేదు. ఊదలేదు.

మార్చి 11, బుధవారం

స్నానం చేసి తువ్వాలు అందుకోవడానికి చెయ్యెత్తితే ఆయాసం. ఫ్యాను గాలి పడటం లేదు.

మార్చి 14, శనివారం

ఈ రోజు జరిగింది పూర్తిగా రాస్తాను.

శనివారం శనివారం మాలాంటి వాళ్ళందరినీ ఒకే తెర మీద కూర్చోబెడతారు. మార్పిడి అయింది, బతికాం, బతికిన తర్వాత తగులుకున్న బాధలు వదలడం లేదు, అలాంటి వాళ్ళం. ఒకరికి కళ్ళు, ఒకరికి కీళ్ళు. ఒకరి చిట్కాలు ఒకరికి చెప్పుకుంటాం. కళ్ళ చుక్కలు ఫ్రిజ్‌లో పెడితే హాయిగా ఉంటాయని నాకు చెప్పింది కుట్టుపని చేసే ఒకావిడ. మాట్లాడుతున్నంతసేపూ ఆమె వెనక కుట్టుమిషను, దాని మీద సగం కుట్టిన చొక్కాలు.

ఈ రోజు నర్సు నా గురించి చెప్పింది, అంకె బాగా పెరిగిందని, మాత్ర కూడా తగ్గించారని. అందరూ చప్పట్లు కొట్టారు. కుట్టుపనావిడ మాత్రం కొట్టలేదు, తెరకి దగ్గరగా జరిగింది.

"అయ్యగారూ, నాదీ ఊపిరి జబ్బే. నాది దిగుతోంది, మీది ఎక్కుతోంది. ఏం చేశారో నాకూ చెప్పండి. కొత్త మందు మొదలుపెట్టమన్నారు. దానికి చేతులు వణుకుతాయట. చేతులు వణికితే సూదిలో దారం ఎలా ఎక్కిస్తాను? నా బతుకే అది. మీరు మందు తగ్గించుకుని కూడా బాగున్నారు కదా!"

అప్పుడు చెప్పవలసింది. నోరు తెరిచాను కూడా. కానీ నా నోటికి అలవాటైన మాటే వచ్చింది.

"విశ్వాసంతో బిగ్గరగా వాక్యం చదవమ్మా. భయాన్ని నోటితో పలకొద్దు."

"డాక్టరుగారితో మాట్లాడకుండా మందు ఆపకూడదండీ," అని నర్సు అడ్డుపడింది.

"ఇంకా మొదలే పెట్టలేదమ్మా, ఆపడానికి," అంది ఆవిడ. "అయ్యగారి మాట చాలు నాకు. చూద్దాం కొన్నాళ్ళు."

అందరికీ ధైర్యం వచ్చింది. నా మాట ఎప్పుడూ ధైర్యాన్నే ఇస్తుంది.

ధైర్యమే ఇస్తుంది.

మార్చి 15, ఆదివారం

పొద్దున ప్రసంగం ఒకసారి చెప్పి చూసుకుందామని మా ఆవిడని ఎదురుగా కూర్చోబెట్టాను. సేనాని వచ్చాడు. రథం ఆగింది. గుర్రాల నోళ్ళలో నురగ. ప్రవక్త గడప దాటి బయటికి రాలేదు! పలకరించలేదు! పనివాడితో కబురు చేశాడు: పోయి నదిలో ఏడుసార్లు మునుగు! సేనాని మొహం ఎర్రబడింది. ఇంత దూరం వచ్చింది ఒక కబురు వినడానికా? మనిషి రావద్దా, చెయ్యి ఊపవద్దా, తన దేవుణ్ణి పిలవవద్దా?

ఇక్కడ గొంతు ఆకాశానికి లేపుతాను ఎప్పుడూ. లేపాను. లేచిన చోటే తెగిపోయింది. బల్ల అంచు పట్టుకున్నాను. ఊపిరి లోపలికి వస్తోంది గానీ అడుగు దాకా పోవడం లేదు, బిందెలో సగానికే నీళ్ళు దిగినట్టు.

మా ఆవిడ కంగారుపడలేదు. మంచినీళ్ళు అందించి కూర్చుంది.

"తర్వాతేమైందండీ ఆయనకి?"

"నీకు తెలుసుగా."

"నాకు తెలుసు. మీకు తెలుసా అని."

అంతలో చెల్లెలు వచ్చింది. నన్ను చూసింది.

"ఏంటలా ఉన్నావు?"

"ప్రసంగం చెప్పాను. యంత్రం తే. పందెం."

అలవాటుగా ఊదింది. ఫోను అందుకోబోయాను, దగ్గు తెర వచ్చింది. దగ్గుతున్నంతసేపూ ఫోను దాని చేతిలోనే ఉంది.

"'మీ ఫలితం పంపబడింది'ట. ఎక్కడికి పంపబడింది అన్నయ్యా?"

"ఎక్కడికీ లేదు. ఇటివ్వు."

"పైన నీ పేరుంది. కింద వరసగా చుక్కలున్నాయి. రెండు పసుపు. తర్వాతన్నీ నేనొచ్చిన ఆదివారాలు." వేలితో ఒక్కొక్కటీ తాకింది. "మా బస్సులో రోజుకొకడు దొరుకుతాడు. పక్కవాడి టిక్కెట్టు చేత్తో పట్టుకుని కిటికీలోంచి బయటికి చూస్తుంటాడు, ఎంత బాగుందో లోకం అన్నట్టు. మొహం అచ్చం ఇలాగే ఉంటుంది."

"నీ రక్తమే కదే నాలో ఉన్నది! రక్తం ఒక్కటైతే ఊపిరి..."

"రక్తం ఇచ్చాను. ఊపిరితిత్తులు ఇవ్వలేదు."

అంతే. ఇన్నాళ్ళుగా ఎటు నుంచి చూసినా గట్టిగా ఉన్న వాదన.

దెబ్బలాడుతుందనుకున్నాను. దెబ్బలాడితే నాకు తేలిక. అది టిక్కెట్ల సంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. దాని బకిలు పెడుతూ తీస్తూ ఉంది.

"నా కణాలే కదా నీ ఊపిరిని తింటున్నది?"

"నీ తప్పేముందే ఇందులో?"

"నీకు బాగుందన్నావని, నేను నెల నుంచి కంటినిండా నిద్రపోతున్నాను. అన్నయ్యని బతికించాననే అనుకున్నాను. చంపుతున్నది కూడా నేనేనని నాకు చెప్పకుండా, నా చేతే దాన్ని దాచిపెట్టించావు. పందెమని చెప్పి! నేను గెలిచానని గంతులేశాను కూడా."

మా ఆవిడ వచ్చి దాని పక్కన కూర్చుంది. నా పక్కన కాదు.

సేనానికి తర్వాతేమైందో నాకు తెలుసు. ఆ ముక్క ఎప్పుడూ రెండు మాటల్లో ముగించేసి పాటకి సైగ చేసేవాణ్ణి.

మార్చి 16, సోమవారం

నర్సు రోజు కాదు. అయినా నేనే పిలిచాను. ఫోను గ్రంథానికి నేనే ఆనించాను. బరువైనది, జారదు.

చెప్పాను. నాలుగు వాక్యాలు. మధ్యలో ఆగవలసి వచ్చింది, ఊపిరి కోసం. రింగులు కదల్లేదు. తిడుతుందని చూశాను.

"ఇప్పుడు నా ఎదురుగా ఊదండి సార్."

ఊదాను. పసుపు కూడా కాదు, ఎరుపు.

"ఇది మీదేనా?"

"నాదేనమ్మా."

"అయితే దీంతో పని చేద్దాం. ముందే తెలిస్తే బాగుండేది. ఆ మాట ఒక్కసారే అంటాను, మళ్ళీ అనను."

సాయంత్రానికి కబురు వచ్చింది. తగ్గించిన మాత్ర మళ్ళీ పెంచాలి. పీల్చే మందు రెండు పూటలా. రేపే స్కాను. జనంలోకి వెళ్ళకూడదు. డాక్టరు గడప దాటి బయటికి రాలేదు. కబురే చేశాడు. చేసినట్టే చేస్తాను.

సంఘ పెద్దకి ఫోను చేశాను.

"పోస్టర్లు ఊరంతా అంటించామే!" అన్నాడు.

"స్వస్థత అన్న మాట మీద తెల్లకాగితం అంటించండి."

"దాని మీద ఏం రాయమంటారు?"

"ఏమీ రాయొద్దు."

మార్చి 18, బుధవారం

స్కానులో కనిపించింది. నర్సు చెప్పినదే: పోయింది పోయినట్టే. ఉన్నది నిలబెట్టాలి.

నిలబెడతాను.

చెల్లెలు ఫోను తీయడం లేదు.

మార్చి 21, శనివారం

కుట్టుపనావిడ వస్తుందో రాదోనని పొద్దున్నుంచీ తెర ముందే ఉన్నాను. వచ్చింది. ఆమె మాట్లాడకముందే అందుకున్నాను.

"అమ్మా, ఎక్కిన అంకె నాది కాదు. మా చెల్లెలిది. ఆమెకి ఏ జబ్బూ లేదు. నాది దిగింది. మీకన్నా దిగింది. మీరు మందు మొదలుపెట్టండి."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఒకాయన నవ్వబోయి మానేశాడు. ఆవిడ చాలాసేపు నన్నే చూసింది. నేను కళ్ళు దించలేదు. దించే హక్కు నాకు లేదనిపించింది.

"వారం పోయింది కదయ్యా నాది," అంది.

"పోయిందమ్మా. పోగొట్టింది నేనే."

"రేపు మొదలుపెడతాను. చేతులు వణికితే మీకే ఒక చొక్కా కుట్టి పంపుతాను. గుండీలు వంకరగా ఉంటాయి. అదేసుకుని వాక్యం చెప్పుకోండి."

"కాలరు కాస్త వదులుగా కుట్టండి," అన్నాను. అప్పుడు నవ్వారు. ఆవిడ నవ్వలేదు. నవ్వనవసరం లేదు.

మార్చి 22, ఆదివారం

ఇంట్లోంచే ఫోనులో సాక్ష్యం చెబుతానన్నాను. హాలులో ఫోను పట్టుకుని వేదిక మీద నిలబెట్టడానికి ఎవరో కావాలి. మా ఆవిడ వెళతానంది. సమయానికి తెర వెలిగేసరికి కనిపించినవి యూనిఫాం గుండీలు, భుజాన సంచీ.

"జన్మలో మొదటిసారి మీ వేదిక ఎక్కాను. అదీ నీ స్టాండుగా," అంది చెల్లెలు, నాకొక్కడికే వినిపించేలా. "చెప్పు త్వరగా. బస్సు టైమైంది."

వేదిక పక్క పోస్టరు మీద తెల్లకాగితం కనిపిస్తోంది. అంత జనం. ఒక్కరూ కదలడం లేదు. నా గొంతు ఎక్కడ లేస్తుందా అని చూస్తున్నారు.

లేపలేదు. ఒక ఊపిరికి ఒక్క మాట చొప్పున చెప్పాను.

సేనాని కోపంతో వెళ్ళిపోయాడు. ఇక్కడి దాకా మీకు చాలాసార్లు చెప్పాను. పనివాళ్ళు బతిమాలితే తిరిగొచ్చాడు. నదిలో దిగాడు. ఒకసారి మునిగి లేచాడు. ఒళ్ళు చూసుకున్నాడు. ఏమీ మారలేదు. గట్టు మీద అందరూ చూస్తున్నారు. రెండోసారి మునిగాడు. లేచాడు. ఏమీ మారలేదు. ఇన్నేళ్ళూ నేను ఒళ్ళు బాగుపడిన ఏడో మునకే చెప్పాను. మధ్యలోవి చెప్పలేదు. నాకు తెలియక. నేను స్వస్థత పొందిన సేవకుణ్ణి కాను. రెండో మునకలో ఉన్నాను. తడిసి ఉన్నాను. మధ్యలో గట్టు మీదికి వెళ్ళిపోను.

ఇంకో మాట ఉంది గానీ ఊపిరి లేదు. ఆగాను. ఆమెన్ అని కూడా అనలేదు. నా ఆయాసం ఒక్కటే స్పీకర్లలో అందరికీ వినిపిస్తోంది, ఎంత పెద్దగానో. ఏ పందెంలోనూ అంత పెద్దగా ఊదలేదు నేను.



"ఆదివారం కదా," అంది చెల్లెలు తెరలోంచి. "ఊదావా?"

"ఇంకా లేదు."

"అయితే ఊదు. నేను చూస్తాను."

వాళ్ళందరి ముందూ ఊదాను. ఎరుపు చుక్కే. సోమవారం కంటే ఒక్క గీత కూడా ఎక్కలేదు.

ఫలితం పంపబడింది. నాదే.